మూత పెట్టిన గ్లాసు

కెనడా వచ్చాక నయాగరా జలపాతానికి ఎన్నిసార్లు వెళ్ళామో లెక్కే లేదు. ఇండియా నుంచి ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్ళాలి. తెల్లారకుండా లేచి పులిహోర కలిపి, పెరుగన్నం డబ్బాలో సర్ది, డిక్కీలో దుప్పటీ మంచినీళ్ళూ పెట్టుకుని బయల్దేరడం. నీళ్ళు చూసి, ఫొటోలు దిగి, పార్కింగ్ పక్కన గడ్డిలో కూర్చుని తిని, చీకటి పడేసరికి ఏజాక్స్‌లో ఇంటికి చేరడం. దారిలో ద్రాక్షతోటలు. వైనరీల బోర్డులు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. ఇన్నేళ్ళలో ఒక్క బోర్డు దగ్గరా మా కారు ఆగలేదు. ఆగి ఏం చెయ్యాలి? మా ఆయన పార్టీల్లో ఎవరైనా చేతిలో పెడితే ఒక్క గ్లాసు పట్టుకుని సాయంత్రమంతా నెట్టుకొచ్చే రకం. నేను ఆ గ్లాసులు కడిగినదాన్నే తప్ప నోట పెట్టినదాన్ని కాదు.

అలాంటి ఇంట్లో పుట్టి మా అమ్మాయి వైన్ చేసే పని నేర్చుకుంది. వాటర్లూలో చదివింది, అక్కడే మంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒకరోజు ఫోన్ చేసి, ఉద్యోగం మానేశాను, నయాగరా దగ్గర కాలేజీలో వైన్ తయారీ కోర్సులో చేరుతున్నాను అని చెప్పింది. అడగడం కాదు, చెప్పడమే. నేను వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజున నేనే ఫోన్ చేసి, వైన్ పీపాలుంచే నేలమాళిగల్లో చలి ఎక్కువట కదా, ఊలు సాక్సులు వేసుకుంటున్నావా అని అడిగాను. నా కోపాలు అంతే. ఎంత గట్టిగా మొదలవుతాయో అంత తొందరగా నీరుగారిపోతాయి.

కోర్సు అయ్యాక ఒక పాత వైనరీలో చేరింది. మొదటి ఏడాది గ్లాసులు కడిగింది, కౌంటర్ దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకి వైన్ పోసింది, తోటలో తీగలు కట్టింది. రెండో ఏడాది ఆ వైనరీ యజమానురాలు, డెబ్భై దాటిన పెద్దావిడ, దీని చేతికి ఒక పీపా అప్పగించింది. పళ్ళు కోయడం దగ్గర నుంచి పులియబెట్టి పీపాలో నింపి చూసుకోవడం దాకా అంతా నీదే, నేను వేలు పెట్టను అందట. చలికాలమంతా మా అమ్మాయి ఫోన్ చేస్తే ఆ పీపా సంగతే. పసిపిల్లకి జలుబు చేసిందన్నట్టు చెప్పేది. ఇవాళ కొంచెం ముభావంగా ఉందమ్మా, నిన్నటికన్నా నయం అమ్మా అని. నేను ఊఁ కొట్టేదాన్ని. నాకేం అర్థమైందని?

జూన్‌లో ఫోన్ చేసింది. శనివారం లంచ్‌కి రమ్మంది. మేం ఎలాగూ ఆ వారాంతం రెండు రోజులు అటువైపు తిరుగుదామనుకుంటున్నాం, ఈసారి చుట్టాలెవరూ లేకుండా మేమిద్దరమే. మామూలు లంచ్ కాదని, ఆ రోజు తన పీపా భవిష్యత్తు తేలుతుందని చెప్పింది. ఆ పెద్దావిడ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉందట. కొత్త పీపాల్లోంచి మూడింటిని ఎంచి, ఏది ఎవరిదో చెప్పకుండా, లంచ్‌కి వచ్చినవాళ్ళకి పోస్తారు. వచ్చినవాళ్ళు మెచ్చిన పీపాని విడిగా సీసాల్లో నింపుతారు. మెచ్చనిది పెద్ద ట్యాంకులో కలిపేస్తారు. కలిపాక అది ఎవరు చేసిందో, ఎలా ఉండేదో ఇక ఎవరికీ తెలియదు. తన పీపా నిలిస్తే వచ్చే పంటకి వైన్ మేకర్ కింద అసిస్టెంట్ ఉద్యోగం. నిలవకపోతే వేసవితో కాంట్రాక్ట్ సరి, మళ్ళీ వాటర్లూ వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చోవాల్సిందే.

నీది ఏదో చెప్పు, అదే బాగుందంటాం, మీ నాన్న ఇంకా గట్టిగా అంటాడు అన్నాను.

"అమ్మా, అది చీటింగ్. నేను చెప్పను, నువ్వు గెస్ చేయకు. మీరొస్తున్నారని ఆవిడకి చెప్పాను, తెలియకుండా తాగితే ప్రాబ్లమ్ లేదంది. నువ్వు జస్ట్ వచ్చి తిను. ఎలా డిసైడ్ చేస్తారని కూడా అడగొద్దు."

శనివారం పొద్దున్నే బయల్దేరాం. దారిలో ఓక్‌విల్ దాటాక మా ఆయన, పోనీ ఉద్యోగం లేకపోతే మాత్రం ఏమైంది, మళ్ళీ మన ఇంటికి వస్తుంది అన్నాడు. నాకు లోపల ఎక్కడో అదే ఆశ ఉండాలి కదా? లేదు. అది చలికాలమంతా ఫోన్లో ఎలా మాట్లాడిందో విన్నాక, ఆ పీపా ట్యాంకులో కలిసిపోతే దీని మొహం ఎలా చూస్తానురా భగవంతుడా అనే భయం తప్ప ఇంకేం లేదు. ఆ మాటే ఆయనకి చెప్పాను. ఆయనకీ అదే భయమని అప్పుడు ఒప్పుకున్నాడు.

హైవే దిగి కొండవైపు తిరిగాక దారి సన్నబడింది. వైనరీకి ఎదురుగా రోడ్డు అవతల ఒక చిన్న బసలో గది తీసుకున్నాం. కారు అక్కడ పెట్టేసి నడిచి వెళ్ళాం. నేను ఊహించుకున్నది వేరు. బార్‌లాంటి వాసన, కేకలు, పొద్దున్నే తూలే మనుషులు. తీరా చూస్తే, మూరెడు మందం రాతి గోడలతో ఒక పాత ఇల్లు, పక్కన ఎండకీ మంచుకీ బూడిదరంగుకి తిరిగిన పెద్ద చెక్కకొట్టం. గుమ్మం పక్కన దోసెడంత పూలు, బరువుకి తలలు వాల్చేసి. వెనకంతా తోట. మనవైపు ద్రాక్షంటే తల మీద పందిరి కదా, ఇక్కడ నడుమెత్తు తీగలు వరసగా ఇనప తీగెలకి కట్టి ఉన్నాయి. ఆ వరసలు పోయి పోయి సరస్సు కనపడేచోట ఆగాయి. ద్రాక్షకి పువ్వుంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఆవగింజంత పువ్వు, దగ్గరగా వంగితే ఉందా లేదా అన్నట్టు వాసన.

పెద్దావిడ ఎదురొచ్చింది. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, మెడలో పట్టు స్కార్ఫ్. ఆ రెండూ కలిపి వేసుకుని అంత దర్జాగా నడిచినవాళ్ళని నేను చూడలేదు. మమ్మల్ని, ఇంకో నాలుగైదు జంటల్ని నేలమాళిగలోకి తీసుకెళ్ళింది. జూన్ ఎండలోంచి రెండు మెట్లు దిగేసరికి ఒళ్ళు జల్లుమంది. ఊలు సాక్సుల సంగతి నేను ఊరికే అనలేదన్నమాట. రాతి కమానుల కింద పీపాలు వరసగా పడుకుని ఉన్నాయి. ఆ కమానులు ఆవిడ భర్త తాతగారి కాలంలో కట్టారట, ఒక్కో రాయీ ఈ పొలంలోదేనట. ఒక మూల ద్రాక్ష పిండడానికి చెక్కతో చేసిన పాత మర గానుగ ఉంది. ఇప్పుడు వాడరు, అయినా దాని మీద దుమ్ము లేదు. ఆవిడ మాట్లాడుతూనే చేతిలో గుడ్డతో ప్రతి పీపా మూతి చుట్టూ తుడుచుకుంటూ పోయింది. చూడమని చేసింది కాదు, చేతికి అలవాటైన పని. మా ఇంట్లో ఆవకాయ జాడీల అంచులు మా అమ్మ తుడిచేది అలాగే. అప్పటిదాకా బిగదీసుకుని ఉన్నాను గానీ, ఆ గుడ్డని చూశాక మనసు కుదుటపడింది. మా పిల్ల మంచి చోటే పడింది అనుకున్నాను.

చివర్లో మూడు పీపాలకి తెల్ల గుడ్డలు కట్టి ఉన్నాయి, మీద రాసింది కనపడకుండా. ఈ మూడింట్లో ఒకటి. మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

లంచ్ ఆ చెక్కకొట్టంలో. పైన దూలాలు, తెరిచి పెట్టిన తలుపుల్లోంచి తోట, తెల్ల గుడ్డలు పరిచిన బల్లలు. పనివాళ్ళు తక్కువయ్యారట, వడ్డన కూడా మా అమ్మాయిదే. తిన్న కంచం సింకులో పెట్టమంటే పదిసార్లు చెప్పించుకున్న పిల్ల, రెండు చేతుల మీద నాలుగు పళ్ళేలు పెట్టుకుని బల్లల మధ్య సర్రున తిరుగుతోంది. ఎవరో ఏదో అడిగితే వంగి, నవ్వి, ఆ తోటలో మట్టి ఎలాంటిదో, పోయినేడు వాన ఎప్పుడు పడిందో చెబుతోంది. వాళ్ళు తినడం ఆపి వింటున్నారు. మా బల్ల దగ్గరికొచ్చినప్పుడు మాత్రం అందరితో అన్నట్టే మాతోనూ ఇంగ్లీషులో వెల్‌కమ్ అని, నా కళ్ళలోకి చూడకుండా వెళ్ళిపోయింది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. మనిషి సగమైపోయింది. పొద్దుటినుంచి ఏమైనా తిన్నదో లేదో అని నా గోల నాది.

భోజనం గురించి చెప్పాలి. ముందు ఆస్పరాగస్ కాడల సూప్, పొద్దున్న కోసినవట. తర్వాత అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టె, మేకపాల చీజ్, పుట్టగొడుగులు కూరి కాల్చిన ‘పై’ అనే వంటకం. చప్పగా ఉంటుందని నా పర్సులో చిన్న సీసాలో కారప్పొడి తెచ్చుకున్నాను, ఈ దేశంలో నేను ఎక్కడికెళ్ళినా అది నాతో వస్తుంది. ఆ రోజు సీసా బయటికి తియ్యలేదు. ఆ రొట్టె మీద ఆ చీజ్ రాసుకుని తింటుంటే కారం గుర్తు రాలేదు. నా నోటికి ఇంతకన్నా పెద్ద మెప్పు ఉండదు. మా ఆయన నమ్మలేక, ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు.

ఆ పుట్టగొడుగుల వంటకం వచ్చినప్పుడే గ్లాసులూ వచ్చాయి. ఒక్కొక్కరి ముందు మూడు చిన్న గ్లాసులు, కింద కాగితం మీద ఒకటి, రెండు, మూడు. ఎర్రటి వైన్. మూడూ ఒకే రంగు నా కంటికి. నేను తాగనని మా అమ్మాయికి తెలుసు, అయినా పోసింది. సరే, తాగకపోతే మానె, వాసన చూడటానికేం అనుకున్నాను. మొదటి దానికి కొత్త చెక్కబల్ల వాసన. మూడోది ఘాటుగా ముక్కుకి కొట్టింది. రెండోది ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నానో లేదో, నేరేడు పండు. చెట్టు కింద రాలి, వానకి తడిసి, మట్టి అంటిన నేరేడు పండు. వెనకాల ఎక్కడో మిరియం. నేను గ్లాసు కింద పెట్టలేదు చాలాసేపు. ఇది మా అమ్మాయిదో కాదో నాకు తెలియదు, తెలుసుకోవద్దంది కాబట్టి ఆలోచించలేదు కూడా. బాగుంది, అంతే. చాలా బాగుంది.

మా ఆయన తన మొదటి గ్లాసు తాగాడు, మూడోది తాగాడు. నావి ఒకటీ మూడూ కూడా, పారెయ్యడం ఎందుకని మెల్లగా ఖాళీ చేశాడు. రెండో దాని మీద చెయ్యి వెయ్యబోతే ఆపేశాను. ముట్టుకోకు, అదే అన్నింటిలోకీ బాగుంది అన్నాను. ఆయనది రెండోది కూడా తీసుకుని నా గ్లాసులో పోశాను. గ్లాసు నిండింది. ఈగలు పడకుండా రొట్టె పెట్టిన చిన్న సాసర్ దాని మీద మూత పెట్టి, బల్ల చివర జాగ్రత్త చేశాను. అందరి వడ్డనా అయ్యాక పిల్ల ఎప్పుడో ఒక నిమిషం కూర్చుంటుంది కదా, అప్పుడు తాగుతుంది. ఇన్నేళ్ళ సంసారంలో ఇంట్లో ఏది బాగుంటే అది మూత కిందికి వెళ్ళడం మా ఆయనకి అలవాటే.

కాసేపటికి పెద్దావిడ వచ్చింది. బల్లల మధ్య తీరిగ్గా నడుస్తోంది. ఎలా ఉంది, నచ్చిందా అని ఎవరినీ అడగట్లేదు. నవ్వుతోంది, వాతావరణం గురించి ఒక మాట అంటోంది, కానీ కళ్ళు మొహాల మీద లేవు. గ్లాసుల మీద ఉన్నాయి. కొన్ని బల్లల మీద మొదటి గ్లాసులు పోసినవి పోసినట్టే మిగిలిపోయాయి. కొన్నింటి మీద మూడోవి. రెండోవి మాత్రం ఎక్కడ చూసినా ఖాళీ. వంటగది గుమ్మంలో మా అమ్మాయి నిలబడి ఉంది, చేతిలో తుడిచే గుడ్డ ముడి వేసేసింది. దాని చూపు మా బల్ల మీదికి వచ్చి ఆ సాసర్ దగ్గర ఆగిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

అప్పుడు తట్టింది నాకు. ఆవిడ చూస్తున్నది ఏ గ్లాసు మిగిలిందా అని. చెయ్యి చాచి గ్లాసు తీసేలోపే పెద్దావిడ మా బల్ల దగ్గర నిలబడి, రెండు వేళ్ళతో ఆ సాసర్ ఎత్తింది. అంచులదాకా నిండి ఉంది గ్లాసు.

"ఇది మీకు నచ్చలేదన్నమాట," అంది ఇంగ్లీషులో. కోపం లేదు, కొంచెం దిగులుంది. వాళ్ళింటి పద్ధతి అప్పుడు చెప్పింది. అడిగితే అందరూ మర్యాదకి బాగుందనే అంటారు కాబట్టి ఈ ఇంట్లో ఎవరి మాటా నమ్మరట, గ్లాసునే నమ్ముతారట. అన్ని బల్లల మీదా ఖాళీ అయిన పీపానే విడిగా నింపుతారు. ఒక్క బల్ల మీద నిండు గ్లాసు మిగిలినా అది ట్యాంకులోకే. ఆమె భర్త తాతగారు పెట్టిన నియమం, ఇంతవరకు ఎవరూ తప్పలేదు.

నాకు ఇంగ్లీషు వచ్చు. ఏజాక్స్‌లో ఒక పళ్ళ డాక్టర్ ఆఫీసులో ముందు కూర్చునేది నేనే, రోజూ ఎంతమందితో మాట్లాడతానో. కానీ ఆ క్షణంలో ఒక్క వాక్యం నోటికి సరిగా వస్తే ఒట్టు. లేచి నిలబడ్డాను. కాదు, కాదు అన్నాను. మీ ఇంట్లో వేరు, మా ఇంట్లో వేరు అన్నాను. చివరికి ఎలాగో మాట కూడదీసుకున్నాను.

"బాగాలేనిది మేం తినేస్తాం. బాగున్నది పిల్లలకి దాస్తాం. ఇది నా కూతురికి దాచాను. పొద్దుటినుంచి అది ఏమీ తినలేదు."

పెద్దావిడ నన్ను చూసింది. గ్లాసుని చూసింది. నేను సాసర్ మూత పెట్టి మరీ దాచిన సంగతి ఆవిడకి అప్పుడు అందినట్టుంది, ఎందుకంటే ఆ సాసర్‌ని చేతిలో ఇటూ అటూ తిప్పి చాలా మెల్లగా కింద పెట్టింది. తర్వాత గుమ్మం వైపు తిరిగి మా అమ్మాయిని రమ్మని చెయ్యూపింది. ఒక కుర్చీ లాగి దాన్ని మా ఎదురుగా కూర్చోబెట్టింది.

"కంచాలు ఇంకా తియ్యలేదు. లంచ్ అయిపోలేదు," అని మా ముగ్గురినీ వదిలేసి పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

ముందు రొట్టె తిను అంటే మా అమ్మాయి తింది. చీజ్ నేనే రాసిచ్చాను. ఆ నిండు గ్లాసుని మా ఆయన దాని ముందుకు జరిపాడు. ఎత్తి, ముందు వాసన చూసి, ఒక గుక్క తాగింది. కళ్ళు మూసుకుంది.

"ఇన్ని నెలల్లో దీన్ని నేను ఒక్కసారి కూడా మింగలేదమ్మా. మా పని అంతే, నోట్లో వేసుకుని టేస్ట్ చేసి ఉమ్మేయడమే. ఇదే ఫస్ట్ టైం."

అంటే అది తనదే. ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు కళ్ళ వెంట నీళ్ళు ఆగలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. అంత కమ్మటి వాసన నా కూతురి చేతిలోంచి వచ్చిందా అని ఒకటే గర్వం. అది సగం గ్లాసు తాగి, ఇంక తాగలేనంది, పెద్దావిడ వైపు భయంగా చూసింది. సగం మిగిలినా మిగిలినట్టేనా? ఎవరికి తెలుసు? మా ఆయన చెయ్యి చాచాడు. నేను ఇవ్వలేదు. అది తాగి వదిలిన గ్లాసు అలాగే తీసుకుని, పిల్ల ఎంగిలి నాకు ఎంగిలేమిటి అనుకుని, గడగడా తాగేశాను. వగరు. నాలుక పీక్కుపోయింది, గొంతులో మంట. దగ్గొచ్చింది. గ్లాసు బోర్లించి చూపించాను, చుక్క పడలేదు.

పెద్దావిడ వెనక్కి వచ్చింది. ఖాళీ గ్లాసు తీసి తన చేతిలోని ట్రేలో, మిగతా ఖాళీ గ్లాసుల పక్కన పెట్టుకుంది. మా అమ్మాయి వైపు తిరిగి, సెప్టెంబరులో పై వరసలు ముందు కోతకొస్తాయి, ఆ పని నువ్వే చూసుకోవాలి, ఇల్లు మారే ఆలోచన ఏమైనా ఉంటే మానుకో అంది. దాని భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

మా ఆయన పైకి చూస్తూ కూర్చున్నాడు, దూలాలు లెక్కపెడుతున్నట్టు. మా అమ్మాయి మొహం చేతుల్లో దాచుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత తలెత్తి, ముక్కు తుడుచుకుంటూ నన్ను ఆటపట్టించడం మొదలుపెట్టింది. దానికి కష్టం తీరిందంటే ముందు నేనే దొరుకుతాను.

"బాగాలేనిది తినేస్తాం అన్నావుగా ఆవిడతో. మరి మొత్తం తాగేశావేంటి? నచ్చలేదన్నమాట."

"నువ్వే ఎదురుగా కూర్చుని తింటుంటే," అన్నాను, "ఇంకెవరి కోసం దాచనే?"